ఊపిరితిత్తిలో గడ్డకి నోరు తెరిపించి చూడటమెందుకు?

ప్రశ్న: మేం గాజువాకలో ఉంటాం. మా వారికి 48 ఏళ్లు. కంపెనీ చెకప్‌లో ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనిపించింది. సీటీలో 1.6 సెంటీమీటర్ల హమార్టోమా అని రాశారు. డాక్టర్ స్టెత్ పెట్టి చూసి బాగానే ఉందన్నారు. మళ్లీ నోరు తెరవమన్నారు, మెడ తడిమారు, చేతి గోళ్లు కూడా చూశారు. ఇది క్యాన్సరా? మా దగ్గర ఏమైనా దాస్తున్నారా?

జవాబు: దాచడం కాదమ్మా, ఆయన చక్కగా పరీక్ష చేశారు. హమార్టోమా క్యాన్సర్ కాదు. ఆ అవయవంలో మామూలుగా ఉండే కణజాలమే క్రమం తప్పి ఒకచోట ముద్దలా పెరుగుతుంది. ఊపిరితిత్తిలో వచ్చేదాంట్లో ఎక్కువగా మృదులాస్థి, కొవ్వు ఉంటాయి, సీటీలో ఆ కొవ్వుగానీ పాప్‌కార్న్‌లా విచ్చుకున్న కాల్షియం మచ్చలుగానీ కనిపిస్తే అనుమానం చాలావరకు తీరినట్టే.

అంత చిన్న గడ్డ, చుట్టూ గాలి నిండిన ఊపిరితిత్తి, ఇక స్టెత్‌కి ఏం వినిపిస్తుంది? వినిపించకపోవడమే మామూలు. అదే గాలిగొట్టం లోపల పెరిగితే మాత్రం ఒకవైపే పిల్లికూతలు, అదే చోట మళ్లీ మళ్లీ న్యుమోనియా, కళ్లెలో రక్తం ఉండొచ్చు.

ఇక నోరు, మెడ, గోళ్ల సంగతి. ఊపిరితిత్తి హమార్టోమా చాలామందిలో ఒంటరిగానే ఉంటుంది, కానీ కొన్ని కుటుంబాల్లో జన్యులోపం వల్ల ఒంట్లో చాలాచోట్ల ఇలాంటి గడ్డలు వస్తాయి, వాటి ఆనవాళ్లు పైకే కనిపిస్తాయి. చిగుళ్ల మీద, నాలుక మీద గులకరాళ్లు పరిచినట్టు బొడిపెలు, మెడలో థైరాయిడ్ గడ్డ, మామూలుకంటే పెద్ద తల ఉంటే కౌడెన్ సిండ్రోమ్ గురించి ఆలోచిస్తాం, ఎందుకంటే అందులో రొమ్ము, థైరాయిడ్ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. పెదవుల మీద, బుగ్గల లోపల నల్లటి చుక్కలుంటే పేగుల్లో పాలిప్స్ (లోపలి పొర మీద పెరిగే పిలకలు) కోసం వెతుకుతాం. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి ముక్కు పక్కన ఎర్రటి పొక్కులు మొటిమలనుకుని రెండేళ్లు క్రీములు రాశారు, చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవని వాళ్లమ్మ చెప్పింది. గోరు మొదట్లో చిన్న కండ పొడుచుకొచ్చి ఉంది. గదిలో లైట్లన్నీ ఆపి వుడ్స్ ల్యాంప్ (చర్మం మీద మచ్చలు చూసే అతినీలలోహిత దీపం) పట్టగానే వీపు మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలు మెరిశాయి. అది ట్యూబరస్ స్క్లెరోసిస్, ఒంట్లో చాలాచోట్ల గడ్డలు తెచ్చే మరో జన్యులోపం. చూడాలని చూస్తేనే దొరుకుతాయి ఇలాంటివి.

మీ వారిలో ఇవేవీ లేకపోతే టెన్షన్ వద్దు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము, థైరాయిడ్, పేగు క్యాన్సర్ ఉంటే తప్పకుండా చెప్పండి. హమార్టోమా చాలా నెమ్మదిగా పెరుగుతుంది, త్వరగా పెరిగితేనో, ఇబ్బంది పెడితేనో, అనుమానం తీరకపోతేనో ముక్క పరీక్షకో ఆపరేషన్‌కో వెళ్తాం. కాబట్టి ఈసారి వెళ్లేటప్పుడు ఏటా కంపెనీ తీయించిన పాత ఎక్స్‌రేలు అడిగి పట్టుకెళ్లండి, అయిదేళ్ల కిందటి ఫిల్మ్‌లోనూ అదే సైజులో ఉంటే డాక్టర్‌కి అంతకన్నా ధైర్యమిచ్చేది లేదు.