సమాధానం: మావాడికి కబడ్డీ ఎందుకు నచ్చడం లేదు?

అన్నా, మీ పన్నెండేళ్ల అబ్బాయి టీవీలో కబడ్డీ పెడితే లేచి వెళ్లిపోతాడని, ఫుట్‌బాల్ కోసం మాత్రం అర్ధరాత్రి అలారం పెట్టుకుంటాడని రాశారు. తిరుపతిలో పుట్టి ఇదేంటని మీ బాధ.

నాది చంద్రగిరి పక్క పల్లె. మేం స్వర్ణముఖి ఇసుకలో చెడుగుడు ఆడినవాళ్లం. మోకాళ్లు గీరుకుపోయేవి, కూతకెళ్లినవాడు ఊపిరి బిగబట్టి గీత దాకా పాకితే గట్టున నాన్నలు అరిచేవాళ్లు. మనకు నచ్చింది ఆ ఆట నియమాలు కాదు, ఆ అరుపులూ ఆ ఇసుకా. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జ్ఞాపకాలే మనిషిలో గట్టిగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. మళ్లీ మళ్లీ చూసినదాని మీద ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే చూపించాడు. మీవాడి స్నేహితులంతా ఫుట్‌బాల్ మాట్లాడుతుంటే వాడి ఇసుక అదే కదా!

కాబట్టి టీవీ ముందు బలవంతంగా కూర్చోబెట్టకండి. ముందు మీరే వాడితో ఒక మ్యాచ్ చూడండి, ఆఫ్‌సైడ్ అంటే ఏంటో వాడినే అడగండి. వాడు గురువైతే మాట కలుస్తుంది. తర్వాత సంక్రాంతికి ఊరికి తీసుకెళ్లి, పిల్లల మధ్య వదిలేయండి. జట్టుకు ఏడుగురు లేకపోయినా ముగ్గురు చాలు. మీరూ ఒకసారి కూతకెళ్లండి, వాడి చేతికి దొరికిపోండి. వాడు నవ్వుతూ మీ కాలు పట్టుకుంటే చాలు, టెన్షన్ వదిలేయండి.