మెడికెయిడ్ ఆగిపోతుందని ఉత్తరం వచ్చింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేము ఒహాయోలో ఉంటున్నాం. మావారు గోదాములో గంటల లెక్కన పని చేస్తారు. ఈ మధ్య ఓవర్‌టైమ్ పెరిగింది. ఈ నెల 31తో మా నలుగురికీ మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఆగిపోతుందని ఉత్తరం వచ్చింది. ఆయన రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. పిల్లలకు నాలుగేళ్లు, తొమ్మిదేళ్లు. కంపెనీ బీమాలో కుటుంబమంతటినీ చేర్చాలంటే ప్రీమియం మా వల్ల అయ్యేలా లేదు.

జవాబు: అమ్మా, రద్దుకు వాళ్లు ఏ కారణం చూపారో మీరు రాయలేదు. ఆ ఉత్తరాన్ని మరొక్కసారి తీసి, కారణం రాసిన వాక్యాన్ని నిదానంగా చదవండి, ఎందుకంటే మీరు వేయవలసిన మొదటి అడుగు దాని మీదే ఆధారపడి ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి రాష్ట్రాలు అర్హతలను తిరిగి పరిశీలించినప్పుడు రెండున్నర కోట్ల మందికి పైగా మెడికెయిడ్ కోల్పోయారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది విషయంలో కారణం ఆదాయం కాదు, ఫారం తిరిగి అందకపోవడం వంటి కాగితాల లోపమే. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబానికి రెన్యువల్ ఫారం పాత అపార్ట్‌మెంట్ చిరునామాకు వెళ్లింది, మందుల షాపులో కార్డు పనిచేయనప్పుడు గాని వారికి సంగతి తెలియలేదు. మీదీ అటువంటిదే అయితే, రద్దయిన 90 రోజుల లోపు ఆ ఫారాన్ని పంపితే చాలు, కొత్త దరఖాస్తు అక్కరలేకుండానే మళ్లీ పరిశీలిస్తారు. నిర్ణయమే తప్పని తోస్తే అప్పీలు చేయండి. ఉత్తరంలో ఇచ్చిన గడువులోగా అడిగితే తీర్పు వచ్చేదాకా కవరేజీ కొనసాగుతుంది, అయితే ఓడిపోతే ఆ ఖర్చు తిరిగి కట్టమనే అవకాశం ఉంది.

కారణం ఆదాయమే అయినా, పిల్లల పేర్లు ఆ ఉత్తరంలో ఎందుకున్నాయని తప్పక అడగండి. పెద్దలకు ఆదాయం పేదరిక రేఖలో (కుటుంబంలో ఎందరున్నారన్నదాన్ని బట్టి ప్రభుత్వం నిర్ణయించే ఆదాయ హద్దు) 138 శాతం దాటితే అర్హత పోతుంది గాని, మీ రాష్ట్రంలో పిల్లలకు ఆ రేఖకు రెండు రెట్ల ఆదాయం ఉన్నా అర్హత ఉంటుంది. పైగా 2024 జనవరి నుంచి, ఒకసారి అర్హత పొందిన పిల్లలకు మధ్యలో ఆదాయం పెరిగినా 12 నెలల పాటు కవరేజీ కొనసాగించాలన్నది దేశమంతటా నియమం.

ఇక మీ ఇద్దరి సంగతి. మెడికెయిడ్ లేనివారు సొంతంగా బీమా కొనుక్కునే ప్రభుత్వ వేదికే మార్కెట్‌ప్లేస్, అక్కడ ప్రీమియం తగ్గేలా ప్రభుత్వం ఇచ్చే సాయమే సబ్సిడీ. మెడికెయిడ్‌కు ఈ నెల రాబడిని చూస్తారు, మార్కెట్‌ప్లేస్ సబ్సిడీకి మాత్రం ఏడాది మొత్తం రాబడిని లెక్కిస్తారు. కాబట్టి ఓవర్‌టైమ్ ఎన్నాళ్లు ఉంటుందో ఆలోచించి అంచనా వేయండి. 2026 పన్ను సంవత్సరం నుంచి, అదనంగా అందిన సబ్సిడీ మొత్తాన్నీ పరిమితి లేకుండా తిరిగి కట్టవలసి ఉంటుంది గనుక తక్కువ చేసి చూపడం ప్రమాదం. ఓవర్‌టైమ్ తగ్గితే మెడికెయిడ్‌కు ఎప్పుడైనా మళ్లీ దరఖాస్తు చేయవచ్చు.

కంపెనీ బీమాను పూర్తిగా పక్కన పెట్టకండి. ఆయన ఒక్కరికి ఎంత, కుటుంబానికి ఎంత అని హెచ్‌ఆర్‌ను రెండు అంకెలూ అడిగి తెలుసుకోండి. సబ్సిడీకి అర్హత తేల్చేటప్పుడు, ఆ రెండు ప్రీమియంలూ మీ ఆదాయానికి భారమో కాదో 2023 నుంచి విడివిడిగా చూస్తున్నారు. అందువల్ల ఆయన కంపెనీ బీమాలో చేరి, మీరు సబ్సిడీతో మార్కెట్‌ప్లేస్ ప్లాన్ తీసుకునే వీలు ఉండవచ్చు. చేరడానికి 30 రోజులే గడువని హెచ్‌ఆర్ వారు చెప్పినా, మెడికెయిడ్ కోల్పోయిన వారికి చట్టం 60 రోజులు ఇస్తుంది.

మార్కెట్‌ప్లేస్‌లోనూ రద్దుకు 60 రోజుల ముందు నుంచే చేరవచ్చు. 31వ తేదీలోగా ప్లాన్ ఎంచుకుని మొదటి ప్రీమియం కట్టేస్తే, 1వ తేదీ నుంచే బీమా మొదలవుతుంది. మీ ఆదాయం పేదరిక రేఖకు రెండున్నర రెట్లు మించకపోతే సిల్వర్ అనే మధ్యస్థాయి ప్లాన్లే చూడండి. డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మీరు భరించే మొత్తం), కోపే (ప్రతిసారీ మీరు కట్టే వాటా) తగ్గే సదుపాయం వాటిలోనే ఉంది, ఏడాది పొడవునా ఇన్సులిన్ కొనే ఇంటికి ప్రీమియంలో మిగిలే కొద్ది డాలర్ల కంటే అదే ఎక్కువ మేలు. ఆయన వాడే ఇన్సులిన్ ఆ ప్లాన్ మందుల జాబితాలో పేరుతో సహా ఉందో లేదో చూసుకోండి. దరఖాస్తులో ఉచితంగా సాయపడే నావిగేటర్లు ఉన్నారు. మార్కెట్‌ప్లేస్ కాల్ సెంటర్‌లో దుభాషిని కూడా అడగవచ్చు.

ఈలోగా ఫోన్ చేసి చౌకగా షార్ట్‌టర్మ్ ప్లాన్ (కొద్ది కాలానికే ఇచ్చే బీమా) ఇస్తామనేవారికి కార్డు నంబరు చెప్పకండి. అటువంటి ప్లాన్లు ముందునుంచే ఉన్న జబ్బులను మినహాయించవచ్చు, మీ ఇంట్లో అది మధుమేహమే. ఈ వారంలోనే డాక్టరుతో మాట్లాడి, పాత కార్డు చెల్లుతుండగానే ఇన్సులిన్ రీఫిల్ తెచ్చుకోండి.