థైరాయిడ్ మాత్రకీ చోడి అంబలికీ మధ్య ఎంత ఎడం ఉండాలి?

చీపురుపల్లి నుంచి సోంపేట దాకా వచ్చిన ఈ ఉత్తరాలన్నిటా జబ్బు ఒక్కటే, థైరాయిడ్. చిక్కు మాత్రం దాని పక్కన వేసుకునే మాత్రల్లోనో, తినే వేళల్లోనో, నిద్రలోనో ఉంది. మోతాదు మార్చడం మీ డాక్టరుగారి పని. వేళలు సరిదిద్దుకోవడం మీ చేతిలో పని. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఆ రెండోదాని గురించే. ఉత్తరాల్లో పదేపదే వచ్చే టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను. థైరాయిడ్ హార్మోను తక్కువైతే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే తగ్గుతుంది. ఫ్రీ టీ4 అంటే రక్తంలో తిరిగే థైరాయిడ్ హార్మోను.

ప్రశ్న: నా వయసు 38, బరువు 58 కిలోలు. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. 75 నుంచి 100కి, 100 నుంచి 125కి పెంచారు. అయినా టీఎస్‌హెచ్ 9కీ 11కీ మధ్యే ఉంటోంది. పొద్దున్న 6కి మాత్ర వేసుకుని వెంటనే ఒక గ్లాసు చోడి (రాగి) అంబలి తాగుతాను. టిఫిన్‌తో కాల్షియం, ఐరన్ మాత్రలు వేసుకుంటాను. గ్యాస్‌కి పాంటాప్రజోల్ కూడా ఉంది. ఎంత పడుకున్నా నీరసం పోవడం లేదు. మోతాదు ఇంకా పెంచాలా?
– గృహిణి, చీపురుపల్లి

జవాబు: పెంచే ముందు మీ పొద్దుటి రెండు గంటలు చూడాలమ్మా. ఒక చిన్న లెక్క వేద్దాం. థైరాయిడ్ గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవాళ్లకి కూడా కిలో బరువుకి రోజుకి సుమారు 1.6 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ (మీ థైరాయిడ్ మాత్రలోని మందు) సరిపోతుంది. మీ 58 కిలోలకి అది 93 దగ్గర తేలుతుంది. మీరు 125 వేసుకుంటున్నారు, అయినా టీఎస్‌హెచ్ దిగలేదు. రోజూ మానకుండా వేసుకుంటున్నారు కాబట్టి మాత్ర కడుపులోకి వెళ్తోంది గానీ, అందులో చాలా భాగం రక్తంలోకి చేరడం లేదనే అనుకోవాలి.

ఎందుకు చేరడం లేదో మీ ఉత్తరంలోనే ఉంది. కాల్షియం, ఐరన్ పేగుల్లో ఈ మందుని పట్టుకుంటాయి. అలా అంటుకుపోయిన మందుని పేగు పీల్చుకోలేదు, అది మలంతో బయటికి పోతుంది. చోడి అంబలి ఒంటికి మేలే, దాన్ని మానమని చెప్పను. కానీ 100 గ్రాముల చోడి పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన ధాన్యాల్లో అంత కాల్షియం ఉన్నది మరొకటి లేదు. మాత్ర వెనకే గ్లాసుడు అంబలి తాగితే కాల్షియంని మందు మీదకి తోలినట్టే. పాలు, పాలు పోసిన టీ, కాఫీ కూడా ఇంతే. పాంటాప్రజోల్ పనిచేసే తీరు వేరు. థైరాయిడ్ మాత్ర కరగాలంటే కడుపులో పులుపు కావాలి, ఆ పులుపుని ఇది తగ్గించేస్తుంది.

రేపటి నుంచి ఇలా చేయండి. 5:30కి లేవగానే మాత్ర, ఒక గ్లాసు మామూలు నీళ్లు. కనీసం 45 నిమిషాలు, వీలైతే గంట, ఏమీ వద్దు. 6:30కి టీ, ఇడ్లీయో ఉప్మాయో. అంబలిని 10 గంటలకి జరపండి. ఐరన్ మాత్ర మధ్యాహ్నం అన్నానికి గంట ముందు నిమ్మరసంతో వేసుకోండి, దాని దగ్గర్లో టీ వద్దు. కాల్షియం రాత్రి భోజనంతో. ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ థైరాయిడ్ మాత్రకి నాలుగేసి గంటల దూరంలో ఉండాలి, ఒకదానికొకటి కూడా రెండు గంటలు ఎడం ఉండాలి. పాంటాప్రజోల్ ఇంకా అవసరమా అని డాక్టరుగారిని అడగండి. చాలామంది నెల్లాళ్లకి రాసిన గ్యాస్ మాత్రని ఏళ్ల తరబడి మింగుతుంటారు.

పొద్దున్నే వంట, పిల్లల బడి, ఈ గంట ఎడం కుదరదనుకుంటే రాత్రి వేసుకోవచ్చు. 7:30కి భోజనం ముగించి 10:30 దాటాక, పడుకునే ముందు వేసుకోండి. పొద్దున వేసుకున్నట్టే పనిచేస్తుంది. అప్పుడు కాల్షియం మధ్యాహ్నం భోజనానికీ, ఐరన్ సాయంత్రం 4 గంటలకీ మారాలి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది, దయచేసి గుర్తుంచుకోండి. ఇన్నాళ్లూ సగం వృథా అయిన 125 ఇప్పుడు పూర్తిగా ఒంటికి పడుతుంది. మీ బరువుకి అది ఎక్కువ కావచ్చు. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలైతే తేదీ కోసం ఆగకుండా డాక్టరుగారికి చెప్పండి. అవేవీ లేకపోతే వేళలు మార్చిన 6 నుంచి 8 వారాలకి టీఎస్‌హెచ్ చేయించండి. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే ఏడు రోజులు పడుతుంది, అందుకే మార్పు నిలకడగా తేలడానికి ఆరు వారాలు కావాలి. రెండు వారాలకే చేయించిన పరీక్ష చూసి మోతాదు మారిస్తే మళ్లీ తప్పుతుంది. వేళలన్నీ పాటించాక కూడా దిగకపోతే పేగుల జబ్బు ఏదైనా ఉందేమో వెతకాలి.

మాత్రల డబ్బా పొయ్యి గట్టు మీద పెట్టకండి. వేడి, తేమ, వెలుతురు మూడూ ఈ మందుని చెడగొడతాయి. కంపెనీ కూడా నెలకొకటి మార్చకుండా ఒక్కటే కొనుక్కోండి.

ప్రశ్న: జుట్టు రాలుతోందని రెండు నెలలుగా బయోటిన్ మాత్రలు (10 మిల్లీగ్రాములు) వేసుకుంటున్నాను. మొన్నటి పరీక్షలో టీఎస్‌హెచ్ 0.08 వచ్చింది, ఫ్రీ టీ4 ఎక్కువ ఉంది. ఆరు నెలల కిందట టీఎస్‌హెచ్ 3.1. దడ లేదు, బరువు తగ్గలేదు. థైరాయిడ్ మాత్ర మానేయమంటున్నారు. మానేయనా?
– ఉపాధ్యాయురాలు, రాజాం

జవాబు: మానేముందు పరీక్ష మళ్లీ చేయించమని అడగండి. ఒంట్లో లక్షణాలు లేకుండా కాగితం మీద మాత్రమే హార్మోను పెరిగినప్పుడు మొదటి అనుమానం ఆ జుట్టు మాత్ర మీదే పడాలి.

చాలా ల్యాబు యంత్రాలు రక్తంలోని హార్మోన్లని పట్టుకోవడానికి బయోటిన్‌నే జిగురులా వాడుకుంటాయి. మీ రక్తంలో బయోటిన్ మెండుగా ఉంటే ఆ జిగురు చోటంతా అదే ఆక్రమిస్తుంది. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ3, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. మీ కాగితంలో ఉన్నది అచ్చంగా ఆ బొమ్మే. మనిషికి రోజుకి కావలసిన బయోటిన్ 30, 40 మైక్రోగ్రాములు. మీ మాత్రలో ఉన్నది దానికి కనీసం 250 రెట్లు. అన్ని యంత్రాలూ ఇలా తప్పు చూపవు, కానీ మీ ల్యాబులో ఏది ఉందో మీకు తెలిసే వీలు తక్కువ. ఆ మాత్ర ఆపి, కనీసం మూడు రోజులు ఆగి, పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి. ఏయే మాత్రలు వాడుతున్నారో చీటీ మీద రాసి ల్యాబులోనూ, డాక్టరుగారి దగ్గరా చూపించండి. అప్పుడు కూడా 0.08 వస్తే అది నిజం, మోతాదు తగ్గించాల్సిందే.

జుట్టు సంగతికొస్తే, బయోటిన్ లోపం మనలో అరుదు. ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. ఐరన్ నిల్వలు తగ్గితే జుట్టు రాలుతుంది. థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేసుకోవడానికి కూడా ఐరన్ కావాలి. టీఎస్‌హెచ్ కుదురుకున్నాక కూడా జుట్టు నిలవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. సెలీనియం మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. రోజుకి 400 మైక్రోగ్రాములు దాటితే సెలీనియమే జుట్టు రాలుస్తుంది, గోళ్లు పెళుసెక్కిస్తుంది.

ప్రశ్న: పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని. వారం పగలు, వారం రాత్రి. పగటి నిద్ర నాలుగు గంటలు మించదు. డ్యూటీ దిగి అటునుంచటే ల్యాబుకి వెళ్తే టీఎస్‌హెచ్ 5.8 వచ్చింది, ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది. ‘స్ట్రెస్ హార్మోను వల్ల అడ్రినల్ గ్రంథి అలసిపోయింది, అశ్వగంధ వాడు’ అని ఒకరు చెప్పారు. నిజమేనా?
– వయసు 31, రణస్థలం

జవాబు: ముందు పరీక్ష సంగతి. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి పెరిగి, నడిరాత్రి దాటాక శిఖరం చేరి, పగలు దిగుతుంది. నిద్రపోతే ఆ పెరుగుదలకి కళ్లెం పడుతుంది, మేలుకుంటే ఇంకా ఎగుస్తుంది. మీరు రాత్రంతా మేలుకుని దిగీదిగగానే రక్తం ఇచ్చారు. 5.8లో కొంత ఆ జాగారం వాటా కావచ్చు. రెండు మూడు నెలలు ఆగి, పగటి డ్యూటీ వారం చివర్లో, రాత్రి బాగా నిద్రపోయిన మర్నాడు 8, 9 గంటల మధ్య మళ్లీ ఇవ్వండి. దాంతోపాటు, ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తోందేమో చూసే యాంటీ టీపీఓ పరీక్ష కూడా చేయించండి. 10 లోపు టీఎస్‌హెచ్‌కి, ఫ్రీ టీ4 బాగున్నప్పుడు, ఒక్క కాగితం చూసి జీవితాంతం మాత్ర మొదలుపెట్టడం తొందరపాటు.

‘అడ్రినల్ గ్రంథి అలసిపోవడం’ అనే జబ్బు వైద్యంలో లేదు. అడ్రినల్ అంటే కిడ్నీల మీద ఉండే గ్రంథి, మీకు చెప్పిన స్ట్రెస్ హార్మోను కార్టిసాల్‌ని తయారుచేసేది అదే. కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి నిద్ర లేచే వేళకి ఎక్కువగా, అర్ధరాత్రికి తక్కువగా ఉంటుంది. వారానికోసారి మీ రాత్రీ పగలూ తలకిందులైతే ఆ లయ చెదురుతుంది. గ్రంథి బాగానే ఉంది, గడియారం కుదరడం లేదు. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్లని పెంచుతుంది, కొందరి కాలేయాన్ని దెబ్బతీసిన ఉదాహరణలూ ఉన్నాయి. అది వాడుతూ పరీక్షకి వెళ్తే వచ్చే అంకె మీదో, అశ్వగంధదో తేల్చడం కష్టం. వద్దు.

అడ్రినల్ గ్రంథి నిజంగా దెబ్బతినే అడిసన్ జబ్బు వేరు. బరువు తగ్గడం, అరచేతి గీతలు, చిగుళ్లు నల్లబడటం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, ఉప్పు మీద విపరీతమైన కోరిక దాని గుర్తులు. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలో సూదులో వాడి ఒక్కసారిగా ఆపినవాళ్లలోనూ ఆ గ్రంథి పడుకుంటుంది. ఈ ఆనవాళ్లుంటే పొద్దున్న 8 గంటలకి కార్టిసాల్ పరీక్ష చేయాలి. కార్టిసాల్ లోపం ఉండగా ముందుగా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రాణం మీదకి వస్తుంది. స్టెరాయిడ్ ముందు, థైరాయిడ్ మాత్ర తర్వాత.

ఇక నిద్ర. రాత్రి డ్యూటీలో టీ 2 గంటలకి ఆపేయండి. 6కి దిగి బస్సెక్కగానే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, పొద్దుటి ఎండ కళ్లలో పడితే మెదడు తెల్లారిందనుకుంటుంది. తేలిగ్గా తిని 8కల్లా పడుకోండి. కిటికీకి మందపాటి దుప్పటి, ఫ్యాను, ఫోను పక్క గదిలో. 2 దాకా ఎవరూ లేపకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి, పగలు పడుకునేవాణ్ణి చిన్న పనికైనా లేపేస్తుంటారు. ఇంకా చాలకపోతే డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం గంటన్నర కునుకు తీయండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందని ఇంట్లోవాళ్లు చెబితే నిద్ర పరీక్ష చేయించాలి, థైరాయిడ్ తక్కువైనవాళ్లలో ఆ జబ్బు ఎక్కువ.

మీ తోటి కార్మికుల్లో మాత్ర వాడేవాళ్లుంటే వాళ్లకో మాట. రాత్రి డ్యూటీ వారంలో పగటి నిద్ర లేచాక ఖాళీ కడుపున వేసుకుని గంట ఆగితే సరిపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి కిడ్నీ జబ్బు, వారానికి మూడుసార్లు డయాలసిస్. భోజనంతో సెవెలామర్, కాల్షియం ఎసిటేట్ మాత్రలు ఇచ్చారు. ఈమధ్య థైరాయిడ్ మాత్ర కూడా రాశారు. అన్నీ పొద్దున్నే టిఫిన్‌తో ఇచ్చేస్తున్నాం.
– సోంపేట

జవాబు: ఉద్దానంలో ఈ కష్టం మీ ఒక్క ఇంటిది కాదు, అందుకే విడిగా చెబుతున్నాం. ఆ రెండు మాత్రలు భోజనంలోని ఫాస్ఫరస్‌ని పట్టుకోవడానికి ఇచ్చినవి. అవి థైరాయిడ్ మాత్రని కూడా అలాగే పట్టేస్తాయి. తెల్లవారుజామున 5కి రెండు గుక్కల నీళ్లతో థైరాయిడ్ మాత్ర ఇవ్వండి, ఆ నీళ్లు రోజు లెక్కలోనే కలపండి. టిఫిన్, దాంతో ఇచ్చే సెవెలామర్, కాల్షియం ఎసిటేట్ 9కి. డయాలసిస్ పొద్దుటి పూట అయితే వేళలు యూనిట్‌లో నర్సుగారితో కూర్చుని రాయించుకోండి. గ్యాస్‌కి దుకాణంలో దొరికే అల్యూమినియం, మెగ్నీషియం ద్రావకాలు, విటమిన్ డి 60,000 యూనిట్ల పొట్లాలు, విడిగా కాల్షియం మాత్రలు కిడ్నీ డాక్టరుగారు రాయకుండా ఒక్కటీ ఇవ్వకండి. గుండె జబ్బు కూడా ఉంటే థైరాయిడ్ మోతాదు 12.5 లేదా 25తో మొదలై మెల్లగా పెరగాలి.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర 50 వాడుతున్నాను. నెల తప్పింది. మాత్ర బిడ్డకి మంచిది కాదని అత్తగారు ఆపేయమన్నారు.
– బొబ్బిలి

జవాబు: ఆపకు తల్లీ, ఒక్క రోజు కూడా. మొదటి మూడు నెలల్లో బిడ్డ మెదడుకి కావలసిన హార్మోను నీ ఒంట్లోంచే వెళ్లాలి. ఈ సమయంలో మోతాదు 25 నుంచి 30 శాతం దాకా పెంచాల్సి వస్తుంది. ఈరోజే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి టీఎస్‌హెచ్ చేయించుకో, ఆ తర్వాత ఐదో నెల దాకా సుమారు నాలుగు వారాలకోసారి. మూడు నెలలు దాటాక ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలు కూడా మానకు, చీపురుపల్లి చెల్లెలికి చెప్పిన ఎడమే నీకూ. అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లు, డాక్టరుగారి నోట వింటే ఆవిడ బెంగ తీరుతుంది.

ప్రశ్న: సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉంటుంది కదా, నౌపడ కళ్లుప్పు వాడితే చాలదా? క్యాబేజీ మానాలా?
– టెక్కలి

జవాబు: చాలదు. సముద్రం నీళ్లు ఎండి ఉప్పయ్యేసరికి అయోడిన్ లెక్కలోకి రానంతే మిగులుతుంది. ఉప్పు మళ్ల నుంచి నేరుగా తెచ్చిన కళ్లుప్పు ఊరగాయలకి వాడండి, కూరల్లోకి అయోడిన్ కలిపిన ఉప్పు ప్యాకెట్ వాడండి. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. అలాగని సముద్రపు నాచు మాత్రల జోలికి పోకండి, అందులో అయోడిన్ అతిగా ఉండి థైరాయిడ్ గ్రంథి పనిని మితిమీరి పెంచనూగలదు, తగ్గించనూగలదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉడికించి వారానికి రెండు మూడుసార్లు తింటే ఏమీ కాదు. గంట్ల (సజ్జల) అన్నమో సంకటో రోజూ మూడుపూటలా అదే అయితే, అదీ అయోడిన్ లేని ఉప్పుతో అయితే, గొంతు వాపు రావచ్చు. ప్యాకెట్ విప్పాక ఉప్పుని మూత బిగిసే డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించేముందు వేయండి.