పాత మిత్రులతో వారం రోజుల కారు ప్రయాణం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కళాశాలలో కలిసి చదువుకున్న మేం ఐదుగురం చాలా ఏళ్ల తర్వాత ఒకే కారులో వారం రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. మాలో ఇద్దరికి మంచి జీతాలున్నాయి, ఒకరికి ఇటీవలే ఉద్యోగం పోయింది. ఖర్చు తక్కువలో ఉండాలని అందరూ అంటున్నారు గానీ, ఎంతలో అన్నది ఎవరూ నోరు విప్పి చెప్పడం లేదు. మనస్పర్థలు రాకుండా లెక్క ఎలా వేసుకోవాలి?

జవాబు: తక్కువ ఖర్చు అన్నప్పుడు ఐదుగురి మనసుల్లోనూ ఐదు వేర్వేరు మొత్తాలుంటాయి. అవి బయటికి రాకుండానే బండి కదిలితే, మూడో రోజో నాలుగో రోజో ఏదో హోటలు గుమ్మం దగ్గర బయటపడతాయి. అప్పటికి అందరూ అలిసిపోయి ఉంటారు కాబట్టి మాట తూలడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే దారి నిర్ణయించుకోకముందే ఖర్చు మొత్తాన్ని నిర్ణయించుకోండి. మీలో ఒకరిని ఎన్నుకుని, తాము భరించగల గరిష్ఠ మొత్తాన్ని ఎవరికి వారు ఆ ఒక్కరికే విడిగా తెలియజేయండి. ఆ వ్యక్తి తన అంకెను ముందే రాసి పెట్టుకుని, వచ్చిన వాటిలో అన్నింటికన్నా తక్కువదాన్ని, పేరు చెప్పకుండా, అందరి పరిమితిగా ప్రకటించాలి. అది ఎవరిదో ఊహించడం మిగిలినవారికి కష్టం కాకపోవచ్చు. అయినా తన ఇబ్బందిని నలుగురి ముందు తానే చెప్పుకోవలసిన అవసరం ఆ మిత్రుడికి తప్పుతుంది, అది చిన్న విషయం కాదు.

జీతాలు బాగా ఉన్న ఇద్దరూ అతని వాటా తామే పెట్టుకుంటామని ముందుకు రావచ్చు. వారి మనసు మంచిదే, కానీ నా సలహా మాత్రం వద్దనే. ఒకరి డబ్బుతో తిరుగుతున్న మనిషి ఎక్కడ ఆగాలో, ఏం తినాలో, ఎప్పుడు బయలుదేరాలో తన అభిప్రాయం చెప్పడానికి జంకుతాడు. పక్కనే కూర్చున్నా మీ ప్రయాణంలో సమానుడిగా ఉండలేడు. అతనికి అందుబాటులో ఉన్న ప్రయాణాన్నే అందరూ చేయడం దీనికన్నా ఎంతో గౌరవం. చేయగలిగినవారు గదులకు ముందుగా కట్టవలసిన బయానా తమ చేతినుంచి పెట్టి, తర్వాత లెక్కలో సర్దుకోవచ్చు.

ఇక లెక్క విషయం. ఇంధనం ఖర్చు ప్రధానంగా దూరాన్ని బట్టి ఉంటుంది, మనుషుల సంఖ్యను బట్టి కాదు. ఐదుగురు ఒకే కారులో వెళ్లడంలో ఉన్న అసలు లాభం అదే. ఉదాహరణకు మీ దారి మొత్తం 1,400 కిలోమీటర్లు, మీ కారు లీటరుకు 14 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే 100 లీటర్లు కావాలి. నిండు బరువుకూ ఊళ్లలో తిరగడానికీ మరో 15 శాతం కలిపితే 115 లీటర్లు, అంటే మనిషికి 23 లీటర్లు. ఈ అంకె ఎక్కువనిపిస్తే చూడవలసిన ప్రదేశాల జాబితాను తగ్గించండి. రోజుకో ఊరు మారడం కన్నా ఒకేచోట రెండు రాత్రులుండి చుట్టుపక్కల చూడటం వల్ల ఇంధనమూ అలసటా రెండూ తగ్గుతాయి, కబుర్లకు సమయమూ మిగులుతుంది.

వేగం కూడా డబ్బే. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళితే ఆ నిరోధం దాదాపు 56 శాతం ఎక్కువవుతుంది. కారు పైకప్పు మీద కట్టిన సామానూ ఇదే విధంగా ఇంధనాన్ని తింటుంది. మనిషికి ఒక మెత్తని సంచి చొప్పున సర్దుకుంటే డిక్కీలోనే పట్టించే ప్రయత్నం చేయవచ్చు. నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు చట్రం దగ్గర అంటించిన చీటీ మీద ఉంటుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి, స్టెప్నీని మరచిపోకూడదు.

బయలుదేరే రోజున అందరూ సమానంగా వేసిన ఉమ్మడి నిధి ఒకరి దగ్గర ఉండాలి. ఇంధనం, దారి సుంకాలు, గదులు, కలిసి తిన్న భోజనాలు మాత్రమే అందులోంచి. రుసుము కట్టి చూడవలసిన చోట్లకు ఇష్టమైనవారు సొంత డబ్బుతో వెళ్లాలి, ఇష్టం లేనివారు బయట ఆగినా ఎవరూ బలవంతం చేయకూడదు. ఏ రోజు లెక్క ఆ రాత్రే అందరికీ కనిపించేలా రాసి పెట్టండి.

ప్రశ్న: రాత్రంతా కారు నడిపితే గది అద్దె మిగులుతుందని మా బృందంలో ఇద్దరు పట్టుబడుతున్నారు. ఇది మంచిదేనా?

జవాబు: కాదు. ఇందులో రాజీ పడవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా రెండింటి నుంచి ఆరింటి మధ్య, శరీరం తనంతట తానే నిద్రకు ఒరుగుతుంది. 1997లో నేచర్ పత్రికలో డాసన్, రీడ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్నవారి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి స్థాయికి పడిపోయింది. 24 గంటలకు అది దాదాపు 0.10 శాతంతో సమానమైంది. పగలంతా తిరిగి రాత్రి స్టీరింగు పట్టుకునే మీ మిత్రుడు ఈ స్థితిలోనే ఉంటాడు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప వాలితే కారు నూరు మీటర్లు ఎవరి అదుపులోనూ లేకుండా వెళుతుంది.

అద్దాలు దించడం, పాటలు పెంచడం నిద్రను ఆపలేవు. నిద్ర ముంచుకొస్తే సురక్షితమైన చోట ఆపి, ఒక కాఫీ తాగి, ఆ వెంటనే 15 నుంచి 20 నిమిషాలు పడుకోవడం కొంత పనిచేస్తుంది, ఎందుకంటే కెఫీన్ ప్రభావం తెలియడానికి సుమారు అరగంట పడుతుంది. అదీ దగ్గరలోని బసకు చేరడానికే గానీ రాత్రంతా నడపడానికి కాదు. పగలు కూడా రెండు గంటలకోసారి ఆగి డ్రైవరును మార్చండి, ముందు సీట్లో కూర్చున్నవారు నిద్రపోకూడదని నియమం పెట్టుకోండి. గది డబ్బే మిగల్చాలంటే, విడివిడి గదులకు బదులు వంటగది ఉన్న ఒకే ఇల్లు తీసుకోండి, రద్దీ రోజులు తప్పించండి.

ప్రశ్న: కారు నాది. ఇంధనం ఖర్చు పంచుకుంటామని మిత్రులంటున్నారు. అది సరిపోతుందా?

జవాబు: సరిపోదు. టైర్ల అరుగుదల, ఆయిలు, దగ్గరపడే సర్వీసింగు మీ మీదే పడతాయి. ఇంధనంలో మీ వాటా మినహాయించి మిగిలినవారు పంచుకోవడం తేలికైన పద్ధతి; దూరం మరీ ఎక్కువైతే కిలోమీటరుకు ఇంత అని అదనంగా ముందే అనుకోండి. పంక్చరు ఉమ్మడి నిధిలోంచి, వేగానికీ తప్పుడు పార్కింగుకూ పడిన జరిమానా ఆ సమయంలో నడిపినవారి జేబులోంచి. అంతకన్నా ముఖ్యం, ఇతరులు నడిపినప్పుడు మీ బీమా వర్తిస్తుందో లేదో పాలసీ పత్రంలో చూసుకోండి. ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లించని భాగాన్ని ఎవరు ఎంత భరించాలో కూడా తేల్చుకోండి. ఇవి అడగడానికి మొహమాటపడవద్దు. కారు తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వకముందే, అందరూ ఉన్నప్పుడు, మీరే ఈ ప్రస్తావన తీసుకురండి.