జీరో టికెట్లు లెక్కపెట్టడం వేరు, ఫలితం తేల్చడం వేరు

ప్రశ్న: నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఆర్టీసీ కండక్టర్‌ను. మా పెద్దమ్మాయి డిగ్రీ మూడో సంవత్సరం, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ సబ్జెక్టులు. ఇన్నాళ్లూ గ్రూప్-2 రాస్తానంది. ఇప్పుడు కాలేజీలో మేడం ఎవరో చెప్పారట, ప్రభుత్వం తెచ్చే చట్టాలు, పథకాలు పనిచేస్తున్నాయో లేదో అంచనా వేసే పని చేస్తానంటోంది. ఇది నిజంగా ఉద్యోగమేనా? జీతం ఎవరిస్తారు? ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు రెండేళ్ల పబ్లిక్ పాలసీ కోర్సులో సీటు ఇస్తామన్నారు. ఫీజు లక్షల్లో ఉంది. లోన్ తీసుకోమంటారా?

జవాబు: అన్నా, లోన్ సంగతి చివర్లో చూద్దాం. ముందు మీ అమ్మాయి చేస్తానంటున్న పని ఏమిటో మీ చేతిలో ఉన్న, టికెట్లు కొట్టే టిమ్ మిషన్‌తోనే చెబుతాను.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆ రోజు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కే ఆడవాళ్లకు మీరు జీరో టికెట్ కొడుతున్నారు. డ్యూటీ దిగి డిపోలో మిషన్ అప్పగించేసరికి ఎన్ని కొట్టారో తేలిపోతుంది. ఆ లెక్కను బట్టే ప్రభుత్వం సంస్థకు డబ్బు కట్టాలి. అంతవరకు బాగానే ఉంది. కానీ 'పథకం పనిచేసిందా?' అని ఎవరైనా అడిగితే ఆ మిషన్ దగ్గర జవాబు లేదు. ఎంతమంది ఎక్కారో చెబుతుంది గానీ, ఎక్కినందువల్ల వాళ్ల బతుకులో ఏం మారిందో దానికి తెలియదు. దానికంటే చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది. పథకం రాకపోయి ఉంటే, ఆ ఎక్కినవాళ్లలో ఎంతమంది ఎలాగూ ఎక్కేవారు?

ఈ చివరి ప్రశ్న మీదే ఆ వృత్తి అంతా నడుస్తుంది.

పథకానికి ముందు, తర్వాత అని పోలిస్తే సరిపోదా అంటారేమో. మీ వైపు బస్సులనే తీసుకోండి. 2024 ఫిబ్రవరిలో మేడారం మహాజాతర జరిగింది. ఆ నెల రద్దీలో పథకం వాటా ఎంత, సమ్మక్క సారలమ్మల వాటా ఎంత? అంతకుముందు ఏడాది ఫిబ్రవరితో పోలుద్దామంటే అప్పుడు జరిగింది మినీ జాతర, లెక్క కుదరదు. పక్క డిపోతో పోలుద్దామంటే పథకం రాష్ట్రమంతా ఒకే రోజు మొదలైంది, అది లేని డిపో లేదు. ఇక మిగిలింది సరిహద్దు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకం 2025 ఆగస్టు 15న వచ్చింది. అంటే దాదాపు 20 నెలల పాటు ఇవతల సత్తుపల్లిలో జీరో టికెట్, అవతల తిరువూరులో డబ్బుల టికెట్. రెండు పక్కలా అవే పంటలు, అవే సంతలు, అదే భాష. ఈ రంగంలో ఉన్నవాళ్లకు అలాంటి 20 నెలలు దొరకడమంటే బంగారమే.

ఒక్కోసారి ప్రభుత్వమే అలాంటి పోలికకు ముందుగా ఏర్పాటు చేస్తుంది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే జరిగింది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రతో ఇచ్చే స్మార్ట్‌కార్డుల పద్ధతిని తెచ్చినప్పుడు 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలి, దేనికి చివర ఇవ్వాలి అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ముందు వచ్చిన 112 మండలాలను, చివరికి మిగిలిన 45 మండలాలను కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. కార్డులు వచ్చినచోట కూలి డబ్బు త్వరగా చేతికందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. 2016లో ఆ పరిశోధన అచ్చయింది. అందులో నాకు నచ్చే ముక్క వేరే ఉంది. కొత్త పద్ధతి గురించి ఇబ్బందులు చెప్పేవాళ్ల గొంతే పైకి బాగా వినిపించేది. తీరా ఇంటింటికీ వెళ్లి అడిగితే డబ్బు తీసుకునేవాళ్లలో అత్యధికులు కొత్తదే నయమన్నారు. కారిపోతున్నది ఆగితే నష్టపోయేవాళ్లకు ఆఫీసు దాకా వెళ్లి చెప్పుకునే దారి ఉంటుంది, కూలికి పోయే ముసలమ్మకు ఆ దారి ఎక్కడిది? ఆమె దగ్గరికి మనిషి వెళ్లి అడగాల్సిందే.

చట్టం రాకముందే ప్రభావం అంచనా వేయడం ఇదే పనిలో రెండో సగం. అమెరికాలో 1981 నుంచి పెద్ద నిబంధన ఏదైనా తేవాలంటే లాభనష్టాల లెక్క ముందు చూపించాలి. బ్రిటన్, యూరప్ ప్రభుత్వాలూ ఇలాంటి పత్రాలు తయారుచేస్తాయి. మన దగ్గర అంత కట్టుదిట్టం లేదు. ఖజానా మీద ఖర్చు పడే బిల్లుకు ఆర్థిక మెమొరాండం జోడిస్తారు. ముసాయిదాను 30 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది, దాన్ని పాటించని సందర్భాలే ఎక్కువ కనిపిస్తాయి. గట్టిగా ఉన్నది 2013 భూసేకరణ చట్టం. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలి, ఊళ్లో అందరి ముందు వినాలి, భూమి లేని కౌలుదారుకూ కూలీకీ ఏమవుతుందో రాయాలి, ఆ నివేదికను బయటి సామాజిక శాస్త్రవేత్తలున్న కమిటీ పరిశీలించాలి. తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు తెచ్చి కొన్ని రకాల ప్రాజెక్టులను దీన్నుంచి తప్పించే వీలు పెట్టుకున్నాయి. నాకైతే అది మింగుడుపడలేదు. ఫ్యాక్టరీలకు, గనులకు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ మీకు తెలిసే ఉంటుంది, అది పర్యావరణ ప్రభావ అంచనాలో భాగం. దానికి వేరే చదువు కావాలి, మీ అమ్మాయి సబ్జెక్టులకు అది దూరం.

ఇక జీతం ఎవరిస్తారన్నారు. సగం ప్రభుత్వమే. కేంద్రంలో నీతి ఆయోగ్ కింద 2015లో పెట్టిన మదింపు కార్యాలయం ఉంది, అక్కడ కుర్రవాళ్లను కాంట్రాక్టు మీద తీసుకుంటారు. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ సంస్థ పథకాల మీద పనితీరు ఆడిట్లు చేస్తుంది, అందులో అసిస్టెంట్ ఆడిట్ ఆఫీసర్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) నడిపే సీజీఎల్ పరీక్ష రాయాలి. అదే పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు ఉంది, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు అర్హత. గ్రూప్-2కు ఎలాగూ చదువుతోంది కాబట్టి దీన్ని కూడా రాయమనండి, అయితే సిలబస్ కొంతవరకే కలుస్తుంది. ఎంఏ ఎకనామిక్స్ అయ్యాక యూపీఎస్‌సీ నడిపే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ ఉంది, వయసు 21 నుంచి 30 లోపు. స్టాటిస్టికల్ సర్వీస్‌కు పీజీ కూడా అక్కర్లేదు, స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ చాలు.

మిగతా సగం పరిశోధన సంస్థలు. హైదరాబాద్‌లోనే బేగంపేటలో సామాజిక, ఆర్థిక అధ్యయనాలు చేసే సెస్, రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నాయి. చట్టసభల పని మీద ఆసక్తి ఉంటే, బిల్లుల మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ ఏటా ఇచ్చే ల్యాంప్ ఫెలోషిప్ చూడండి, దాదాపు ఏడాది పాటు ఒక ఎంపీ దగ్గర పరిశోధన సహాయకురాలిగా ఉండాలి. ఏ డిగ్రీ అయినా సరే, వయసు 25 దాటకూడదు. ఇంగ్లిషులో గబగబా, తప్పుల్లేకుండా రాయడం రావాలి.

ఒకటి దాచకుండా చెప్పాలి. పరిశోధన సంస్థల్లో మొదటి ఉద్యోగాలు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే, ఏడాదో రెండేళ్లో. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లతో పోల్చుకుంటే బాధపడతారు. ఏసీ గదిలో ల్యాప్‌టాప్ పని అనుకుని వచ్చేవాళ్లు మొదటి ఎండాకాలంలోనే వెళ్లిపోతారు. ట్యాబ్ పట్టుకుని తండాలు తిరగడం, గడపగడపకూ అవే 60 ప్రశ్నలు అడగడం, సాయంత్రం ఫారాలు సరిచూడడం, ఇలాగే ఉంటుంది మొదటి రెండేళ్లు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనూ ఆ పని చేశాను. పత్తి రైతులను 'నెలకు ఆదాయమెంత?' అని అడగమని ప్రశ్నావళిలో రాసిచ్చారు. మొదటి ఇంట్లోనే ఒక పెద్దాయన నవ్వి, 'నెలనెలా జీతమొస్తే నీతోని ఈడ కూసుంటనా బిడ్డా?' అన్నాడు. ఆ ప్రశ్న మార్చి, పోయినసారి ఎన్ని క్వింటాళ్లు అమ్మారు, ధర ఎంత పలికింది, మందుల దుకాణానికి ఎంత బాకీ అని అడిగితే లెక్కలు గడగడా వచ్చాయి. ఇంకో జట్టులో ఇద్దరు కుర్రాళ్లు చింతచెట్టు కింద కూర్చుని 20 ఫారాలు నింపేశారు. మర్నాడు వేరే మనిషి అవే ఇళ్లకు వెళ్లి నాలుగైదు ప్రశ్నలు మళ్లీ అడిగితే దొరికిపోయారు. ఆ మళ్లీ అడిగే పనిని బ్యాక్‌చెక్ అంటారు. మీ భాషలో చెప్పాలంటే చెకింగ్ స్క్వాడ్.

ఇక లోన్. నేనైతే ఇప్పుడు తీసుకోవద్దంటాను. డిగ్రీ కాగానే లక్షలు పోసి పబ్లిక్ పాలసీ చదివినవాళ్లకు మాటలు బాగా వస్తాయి, లెక్క మాత్రం చాలామందికి అరకొరగానే ఉంటుంది. ఈ రంగంలో గిరాకీ లెక్కకే. సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్ గానీ, ఎక్కడైనా మంచి ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ గానీ వస్తే ఆ ఫీజుకూ ఈ ఫీజుకూ పోలికే లేదు. పాలసీ కోర్సు కావాలంటే రెండేళ్లు పనిచేసి, అప్పటికీ మోజు తీరకపోతే స్కాలర్‌షిప్‌తో చేరొచ్చు. ఈలోపు సెలవుల్లో గణాంకాలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్, ఆర్ గానీ స్టాటా గానీ నేర్చుకోమనండి, ఆర్ ఉచితం. 2019లో నోబెల్ తీసుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లోల బృందం అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ద్వారా పెట్టిన ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి. వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము.

అన్నిటికంటే ముందు ఒక ఆదివారం ఆమెను మీ బస్సు ఎక్కించుకోండి. పొద్దున ట్రిప్పులో 30 మంది ఆడవాళ్లను అడగమనండి. 'పథకం మంచిదేనా?' అని మాత్రం అడగొద్దు, కండక్టర్ కూతురు అడిగితే ఎవరైనా మంచిదే అంటారు. ఇప్పుడు ఎక్కడికి, ఏం పని మీద? ఇదే పనికి జీరో టికెట్ రాకముందు ఎట్ల పోయేవారు? ఒకరు 'ఆటోల పోతుంటి' అంటారు, ఒకరు 'ఏడికి పోకుంటుంటి' అంటారు. ఈ రెండు జవాబులకూ మీ మిషన్‌లో పడేది ఒకటే జీరో టికెట్, ఆమె కాగితం మీద మాత్రం అవి రెండు వేర్వేరు గళ్లలోకి పోవాలి. తర్వాత బస్సు దిగి స్టాండు బయట ఆటోవాళ్ల దగ్గరికి వెళ్లమనండి. పథకం వచ్చిన కొత్తలో వాళ్లు రోడ్డెక్కింది మీకు గుర్తుండే ఉంటుంది. బస్సులో లేనివాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి, అసలు బస్సే రాని ఊరివాళ్లతో సహా. ఇంటికొచ్చి రాత్రి పదింటికి కూడా ఆ కాగితాలు వదలకుండా కూర్చుందంటే గ్రూప్-2 పుస్తకాల పక్కన దీనికీ చోటివ్వండి. రెండు ట్రిప్పులకే విసుగొస్తే అదీ మంచిదే, లక్షలు పోకముందే తెలిసింది.

ఆ రోజు ఆమెకూ మీరే జీరో టికెట్ కొట్టాలి కదా. దాన్ని ఆ 30లో కలపొద్దని చెప్పండి.