పబ్‌మెడ్‌ను టెర్మినల్ నుంచి వెతకొచ్చు, కానీ 'హైదరాబాద్' అన్న మాట దగ్గర జాగ్రత్త

తెలంగాణలో ఫ్లోరోసిస్‌పై వచ్చిన పేపర్ల కోసం, వైద్య పరిశోధన పేపర్ల వివరాలుండే డేటాబేస్ పబ్‌మెడ్‌లో పేజీలు తిప్పుతూ ఒక్కొక్కటీ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నానని, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి ఇదంతా చేసుకునే దారుందా అని అడిగారు. ఉంది. తార్నాకలో రివ్యూ పేపర్ల పని చేసే మా బృందం చాలాకాలంగా అలాగే చేస్తోంది.

పబ్‌మెడ్‌ను నడిపే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వాళ్లే ఉచితంగా ఇచ్చే ఎంట్రెజ్ డైరెక్ట్ అనే కమాండ్ల సెట్ పెట్టుకోండి. విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) కావాలి. ఈసెర్చ్ వెతుకుతుంది, ఈఫెచ్ రికార్డులు తెస్తుంది, ఎక్స్‌ట్రాక్ట్ వాటిలోంచి టైటిల్, ఏడాది, జర్నల్ తీసి పెడుతుంది. మూడింటినీ పైప్‌తో (ఒక కమాండ్ ఫలితాన్ని తర్వాతి దానికి అందించే '|' గుర్తు) కలిపితే ఒకటే లైను. ముందు ఈసెర్చ్ ఒక్కటే నడిపి కౌంట్ చూసుకోండి. ఎక్స్‌ట్రాక్ట్‌కు 'డెఫ్' ఆప్షన్ మాత్రం మర్చిపోవద్దు. అది ఇవ్వకపోతే, ఏడాది దొరకని రికార్డులో ఆ గడి ఖాళీగా ఉండదు, పక్కనున్న జర్నల్ పేరు జరిగొచ్చి అందులో కూర్చుంటుంది.

అసలు చిక్కు కమాండ్లలో లేదు, మనం అడిగే మాటల్లో ఉంది. 'తెలంగాణ' అని వెతికితే 2014కు ముందువి చాలావరకు జారిపోతాయి, అప్పటి పేపర్లలో ఉండేది ఆంధ్రప్రదేశే. అందుకే నల్గొండ లాంటి జిల్లా పేర్లు కూడా 'ఆర్' పెట్టి కలపండి. రచయితల చిరునామాలో హైదరాబాద్ అని వెతికారా, సింధ్‌లోని హైదరాబాద్ కూడా వచ్చి పడుతుంది! 'నాట్ పాకిస్తాన్' అంటే రెండు దేశాల వాళ్లు కలిసి రాసినవీ పోతాయి. 'అండ్ ఇండియా' అనడమే మేలు. ఇంకోటి, 2014కు ముందు పబ్‌మెడ్ మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కించేది. మనవాళ్లు రెండో పేరుగా ఉన్న పాత పేపర్లు ఈ దారిన దొరకవు, వాటిని విషయం మాటలతోనే పట్టాలి.

ఈ ప్రశ్న మొత్తాన్ని ఒక ఫైల్లో దాచుకోండి. గైడ్ గారు "దంతాలకు సంబంధించినవి కూడా కలపమ్మా" అన్నప్పుడు ఒక్క మాట చేర్చి మళ్లీ నడిపితే చాలు. (అంటారు, తప్పకుండా అంటారు.)

ఎన్‌సీబీఐ ఇచ్చే ఏపీఐ కీ (ప్రోగ్రాముతో అడిగేది ఎవరో గుర్తించే కోడ్) లేకపోతే సెకనుకు 3 అభ్యర్థనలే, ఉంటే 10. క్యాంపస్ నెట్‌లో అందరిదీ ఒకటే ఐపీ అయితే ఆ మూడూ పక్క ల్యాబ్ వాళ్లే వాడేయొచ్చు. కీ ఉచితమే, తీసేసుకోండి.

మన దేశపు జర్నళ్లు అన్నీ పబ్‌మెడ్‌లో ఉండవు కాబట్టి కర్ల్‌తో (టెర్మినల్ నుంచి వెబ్ సమాచారం తెచ్చే కమాండ్) క్రాస్‌రెఫ్‌ను (పరిశోధన పేపర్ల వివరాలు నమోదు చేసే సంస్థ) కూడా అడగండి. అక్కడ చాలావాటికి అబ్‌స్ట్రాక్ట్ ఉండదు, టైటిల్ చూసి ఏరుకోవాల్సిందే. గూగుల్ స్కాలర్‌కు అధికారిక ఏపీఐ (ప్రోగ్రాముతో సమాచారం అడిగే దారి) లేదు, దానికోసం స్క్రిప్టులు రాస్తూ కూర్చోకండి.