పోకర్ పుస్తకం కొనే ముందు మీ ఆటను రాసి చూసుకోండి

ప్రశ్న: తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం, స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. హాస్టల్లో స్నేహితులతో చింతగింజలు పందెంగా పెట్టి హోల్డెమ్ పోకర్ ఆడుతుంటాను. నియమాలు, ఏ ముక్కలు వస్తే ఆటలో దిగాలో తెలుసు, అక్కడే ఆగిపోయాను. మెరుగుపడాలంటే ఏ పుస్తకాలు చదవాలి? ఈ చదువు ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: మీరు చింతగింజలతో ఆడుతున్నామని రాయడం నాకు ఊరటనిచ్చింది. ఆంధ్రప్రదేశ్ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, అవి నైపుణ్యంతో గెలిచేవైనా సరే, దేశమంతటా నిషేధించింది. కాబట్టి పోకర్‌ను జీవనోపాధిగా నేను సూచించను. గింజల స్థానంలోకి రూపాయలను రానివ్వవద్దని గట్టిగా కోరుతున్నాను.

ఇక పుస్తకాల సంగతి. మీ స్థాయికి చేరినవారు చాలామంది రచయిత ఎన్ని పోటీలు గెలిచాడో చూసి పుస్తకం కొంటారు. దానికి బదులు, రెండు వారాలపాటు మీరు ఓడిన పెద్ద పందేలను నోటుపుస్తకంలో రాసుకోండి: అప్పటికి మధ్యలో ఎన్ని గింజలున్నాయి, ఎదుటివారు ఎంత పెట్టారు, మీరు ఎందుకు కొనసాగించారు. ఉదాహరణకు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా నాలుగు ముక్కలు తెరిచాక, మీ చేతిలోని రెండూ కలిపి చూస్తే ఆఠీను ముక్కలు నాలుగు ఉన్నాయనుకుందాం. ఐదోది వస్తే గెలుస్తారు, లేకపోతే ఓడిపోతారు. మధ్యలో 300 గింజలున్నాయి, ఎదుటివారు మరో 100 పెట్టారు. మీరు చూడని 46 ముక్కల్లో ఆఠీనులు 9. అంటే ఇదే పరిస్థితి 46 సార్లు వస్తే, సగటున 9 సార్లు 400 చొప్పున 3,600 గెలిచి, 37 సార్లు 100 చొప్పున 3,700 పోగొట్టుకుంటారు. పైకి సమానంగా కనిపించే ఈ నిర్ణయంలో నష్టం దాగి ఉంది. అయితే ఆఠీను పడ్డాక చివరి పందెంలో ఎదుటివారి నుంచి ఇంకొన్ని గింజలు రాబట్టగలిగితే లెక్క మీవైపు తిరుగుతుంది. మీ నోటుపుస్తకంలో ఇలాంటి ఓటములే ఎక్కువగా ఉంటే, డేవిడ్ స్క్లాన్‌స్కీ రాసిన ‘ది థియరీ ఆఫ్ పోకర్’తో మొదలుపెట్టండి. అది ఒక్క హోల్డెమ్ గురించే కాదు, పోకర్‌లోని పలు రకాల గురించి రాసినది. ఉదాహరణలు పాతవైనా, ఈ తర్కాన్ని అంత ఓపికగా వివరించిన పుస్తకాన్ని వదులుకోవద్దంటాను.

పోటీ ఆటకు, మామూలు ఆటకు పుస్తకాలు వేరువేరుగా ఉంటాయన్నది గమనించండి. 1995లో ప్రపంచ పోకర్ పోటీలో ప్రధాన టైటిల్ గెలిచిన డాన్ హారింగ్టన్ రాసిన ‘హారింగ్టన్ ఆన్ హోల్డెమ్’ పోటీల కోసమే. గింజలు తరిగిపోతున్నప్పుడు, తప్పనిసరి పందేలు పెరుగుతున్నప్పుడు ఏం చేయాలో అందులో నేర్చుకోవచ్చు. మీ హాస్టల్ ఆటకు అది నేరుగా సరిపోదు. కంప్యూటర్ లెక్కల మీద ఆధారపడిన మైకేల్ అసెవెడో ‘మోడర్న్ పోకర్ థియరీ’ (2019) లోతైనది, కాని దాన్ని ఇప్పుడే తెరవకండి. పై లెక్కను కాగితం లేకుండా మనసులో చేయగలిగే వరకు ఆగండి.

ఏ పుస్తకమైనా మధ్యలో ఒక పుట తెరిచి చూడండి. ఎవరు ఏ స్థానంలో కూర్చున్నారో, పందెం ఎంతో చెప్పి, ఆ తర్వాత నిర్ణయానికి కారణం ఇచ్చారా, లేక రచయిత గెలుపు కథ ఒక్కటే ఉందా? కథే ఉంటే దాన్ని కొనకండి. మంచి పుస్తకంలోనైనా జవాబును చేత్తో మూసి, మీ లెక్క ముందు రాయండి.

ఉద్యోగం విషయానికి వస్తే, మీ దరఖాస్తులో పోకర్ పేరు రాయవలసిన అవసరం లేదు. కాని పై లెక్కలో మీరు చేసినది అంచనా విలువను, అంటే సగటున ఎంత వస్తుందో పోతుందో, కట్టడమే, అది మీ సిలబస్‌లోనిదే. బీమా సంస్థల్లో నష్టభయాన్ని లెక్కగట్టే నిపుణులైన యాక్చువరీలు చేసే పనికి కూడా సంభావ్యతే పునాది. ఆ వృత్తిలోకి రావడానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ఏసీఈటీ అనే ప్రవేశపరీక్ష నిర్వహిస్తుంది. ఈ సెలవుల్లో దాని పాఠ్యాంశాలను, స్క్లాన్‌స్కీ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. రెండింటిలో ఏది మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెడుతుందో నాకు తప్పక రాయండి.